వదిలిన చేప ఎక్కడికి పోతుంది?

మస్కిటో లగూన్‌లో పొద్దున ఆరున్నరకి నీళ్లు కదలకుండా ఉన్నాయి. ఇంజను ఎప్పుడో ఆపేసి, పడవ వెనక ఎత్తు బల్ల ఎక్కి నిలబడి, గైడు 20 అడుగుల గెడతో మెల్లగా తోస్తున్నాడు. లోతు మోకాలి దాకా కూడా లేదు. అతను వేలు చూపించిన చోట నాకు మొదట ఏమీ కనపడలేదు. తర్వాత రాగి రంగు తోక ఒకటి నీటిపైకి లేచి, రెండుసార్లు ఊగి, మునిగింది. తల కిందికి పెట్టి బురదలో పీతల్ని కెలుక్కుంటున్న రెడ్ ఫిష్ అది. నా స్నేహితుడు విసిరిన ఎర దానికి రెండు మూరల అవతల పడింది. నీరు ఒక్కసారి ఉబ్బింది. రీలు గిర్రున తిరిగింది.

పది నిమిషాల తర్వాత ఆ చేప పడవ పక్కకి వచ్చింది. గైడు ముందు తన చేతులు నీళ్లలో ముంచాడు, పొడి చేత్తో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు ఊడిపోతుందని. తోక మొదట్లో నల్లటి మచ్చ, కంటిపాప అంత. గాలం దవడ మూలన దిగింది, ఒక్క తిప్పుకి వచ్చేసింది. కాసేపు తల గాలికి ఎదురుగా పెట్టి నీళ్లలోనే పట్టుకున్నాడు. అది ఊపిరి తెచ్చుకుని విదిలించుకుంది, వెళ్లిపోయింది.

వెళ్లిపోవడం అంటే మా కంటికి దూరం కావడం కాదు. చాలాసేపు చూస్తూనే ఉన్నాం. దాక్కోవడానికి అక్కడ ఏమీ లేదు. పదిహేనేళ్ల కిందట ఇక్కడంతా గడ్డి ఉండేదట, వదిలిన చేప రెండు తోక ఊపుల్లో మాయమయ్యేదట. ఇప్పుడు ఒట్టి ఇసుక మీద తన నీడని వెంటేసుకుని అది పోతూనే ఉంది.

ఫ్లోరిడా ఉప్పునీటి కయ్యల్లో సరదా వేట గురించి నలభై, యాభై ఏళ్లుగా నడుస్తున్న వాదమంతా చేపని పట్టే చెయ్యి చుట్టూ తిరిగింది. ఎవరు పట్టాలి, వలతోనా గాలంతోనా, ఎన్ని ఉంచుకోవాలి, ఎంత పొడవుంటే వదిలేయాలి. ఆ వాదం వల్ల జరిగిన మేలు చాలా ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ వదిలిన చేప పోయి బతకాల్సిన చోటు గురించిన మాట ఆలస్యంగా మొదలైంది, ఇప్పటికీ చాలినంత గట్టిగా వినపడటం లేదు.

ముందు చోటు సంగతి. దీని పేరు ఇండియన్ రివర్ లగూన్. పేరులో నది ఉంది గాని ఇది నది కాదు. పడమర ఫ్లోరిడా నేల, తూర్పున సన్నటి ఇసుక లంకలు, నడుమ ఉత్తరం నుంచి దక్షిణానికి 156 మైళ్ల ఉప్పునీటి కయ్య. పోన్స్ డి లియోన్ మొగ దగ్గర మొదలై జూపిటర్ మొగ దగ్గర ముగుస్తుంది. మస్కిటో లగూన్, బనానా రివర్, అసలు ఇండియన్ రివర్, ఈ మూడూ కలిస్తే లగూన్. సగటు లోతు 4 అడుగులు. సముద్రంతో కలిపే మొగలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటికి దూరంగా ఉన్న ఉత్తర భాగంలో పోటు, పాటు దాదాపు తెలియవు, నీళ్లని కదిపేది గాలే. అందువల్ల లోపలికి చేరిన మురికి నెలల తరబడి లోపలే ఉండిపోతుంది. ఈ ఒక్క సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, తర్వాత దీనితో పని ఉంది.

ఉష్ణమండలపు చేపలకి ఇది ఉత్తరపు హద్దు, చల్లనీటి చేపలకి దక్షిణపు హద్దు. రెండు వైపుల వాళ్లూ కలిసే సంతలాంటి చోటు కాబట్టి, చెట్టూ పిట్టా చేపా కలిపి ఇక్కడ 4,000కి పైగా జాతులు ఉన్నాయని లెక్క. హద్దులో బతకడానికి మూల్యమూ ఉంది. 2010 జనవరి చలికి స్నూక్ చేపలు వేలకు వేలు వెల్లకిలా తేలాయి. ప్రభుత్వం వెంటనే వాటి వేట ఆపించింది.

గాలం పట్టేవాళ్లు ఇక్కడికి వచ్చేది ముఖ్యంగా నాలుగు చేపల కోసం: రెడ్ ఫిష్, స్నూక్, సీ ట్రౌట్, టార్పన్. పేర్లు పరాయివైనా వీటిలో రెండింటికి మన దగ్గర చుట్టరికం ఉంది. అంతర్వేది, పూడిమడక తీరాల్లో ఒక్క చేప లక్షలు పలికిందని పత్రికల్లో చదివే కచ్చిడి, ఈ రెడ్ ఫిష్ ఒకే కుటుంబం. కచ్చిడికి అంత ధర తెచ్చే పొట్టలోని గాలితిత్తే ఇక్కడ రెడ్ ఫిష్‌కి మద్దెల. పక్కనున్న కండరాలు దాన్ని అదిరిస్తే మోత పుడుతుంది. గుడ్లు పెట్టే రోజుల్లో సాయంత్రం చీకటి పడేవేళ మగచేపలు ఆడవాటిని పిలిచేది ఆ మోతతోనే. మిగతా తీరాల్లో పెద్ద రెడ్ ఫిష్ గుడ్లు పెట్టడానికి మొగల దగ్గరికో సముద్రానికో పోతుంది. ఈ లగూన్‌లో మాత్రం బయటికి పోకుండానే గుడ్లు పెడుతుందని పరిశోధకులు తేల్చారు. అంటే ఇక్కడి చేపకి పుట్టిల్లూ అత్తిల్లూ ఇదే. ఇది చెడితే పోవడానికి ఇంకోచోటు లేదు.

స్నూక్ సంగతి ఇంకా దగ్గరిది. గోదావరి జిల్లాల్లో పండుగప్ప తిన్నవాళ్లకి స్నూక్‌ని చూడగానే ఆ పోలిక తడుతుంది: పొడుగు మూతి, ముందుకొచ్చిన కింది దవడ, వీపు మీద ముళ్ల రెక్క. పోలిక ఒంటితో ఆగదు. పండుగప్ప మగచేపగా ఎదిగి, కొన్నేళ్లకి ఆడచేపగా మారుతుంది. స్నూక్ కూడా అంతే. కాబట్టి మందలోని పెద్ద చేపలన్నీ దాదాపు తల్లులే. పెద్దదాన్ని పట్టి ఫొటో దిగి వండుకుంటే పోయేది ఒక చేప కాదు, రాబోయే ఏళ్ల గుడ్లు. ఫ్లోరిడాలో అట్లాంటిక్ వైపు స్నూక్ 28 నుంచి 32 అంగుళాల మధ్య ఉంటేనే ఉంచుకోవాలి, అదీ మనిషికి ఒకటే. అంతకంటే చిన్నదీ వద్దు, పెద్దదీ వద్దు. వేసవిలో గుడ్లు పెట్టే మూడు నెలలూ, చలికాలంలో కొన్నాళ్లూ వేటే లేదు. చిన్నవాటిని వదలాలని ఏ జాలరిని అడిగినా చెబుతాడు. పెద్దవాటిని కూడా వదలాలన్నదే ఈ నియమంలోని తెలివి. ఈ తీరాల వేట నిబంధనల్లో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే.

ఈ నిబంధనలు ఊరికే రాలేదు. స్నూక్ అమ్మకాన్ని ఫ్లోరిడా 1957లోనే నిషేధించింది. రెడ్ ఫిష్ వంతు 1980ల్లో వచ్చింది. పాల్ ప్రూడోమ్ అనే న్యూ ఆర్లీన్స్ వంటవాడు మసాలా పట్టించి, ఇనప పెనం మీద నల్లగా మాడ్చిన రెడ్ ఫిష్ వంటకం ఒకటి చేశాడు. అది దేశమంతా పాకింది. హోటళ్ల గిరాకీకి పెద్ద ఓడలు వలలతో మెక్సికో గల్ఫ్‌లోని తల్లిచేపల మందల్నే చుట్టేశాయి. కొన్నేళ్లలోనే పరిస్థితి చెయ్యిదాటేలా కనిపించి ప్రభుత్వాలు కదిలాయి. ఆ దశాబ్దం చివరికి ఫ్లోరిడాలో రెడ్ ఫిష్ అమ్మకం ఆగిపోయింది. 2007లో అధ్యక్షుడు జార్జ్ బుష్ సమాఖ్య జలాల్లో పట్టిన రెడ్ ఫిష్ అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. చేప తిరిగి పెరిగింది. ఒక వంటకం ఒక జాతిని అంచు దాకా తోయగలదు, నిబంధన వెనక్కి లాగగలదు. ఈ రెండూ జరిగాయి.

అన్నిటికంటే పెద్ద తగువు వలల మీద. 1994 నవంబరులో ఫ్లోరిడా ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించి, తీరజలాల్లో చేపని చిక్కించుకునే గిల్ వలలని నిషేధించారు. 72 శాతం మంది ఔనన్నారు. 1995 జులై 1 నుంచి అమలు. 500 చదరపు అడుగులు మించిన ఏ వలా పనికిరాదు. చేత్తో విసిరే విసురు వల మాత్రం మిగిలింది. ఉద్యమానికి ముందు నిలిచింది ఫ్లోరిడా స్పోర్ట్స్‌మన్ పత్రిక, దాని అధిపతి కార్ల్ విక్‌స్ట్రామ్. గాలం పట్టేవాళ్ల సంఘాలు ఊరూరా సంతకాలు సేకరించాయి.

ఆ నిషేధం చేపకి మేలు చేసిందనే నా నమ్మకం. ముల్లెట్ చేపల గుంపులు మళ్లీ బలపడ్డాయి. శరదృతువులో అవి తీరం వెంట దక్షిణానికి కదిలే రోజుల్లో సెబాస్టియన్ మొగ రాతికట్ట మీద నిలబడి చూస్తే నీళ్లు నల్లబడి ఉడుకుతున్నట్టు ఉంటాయి. వాటి వెనకే స్నూక్, టార్పన్, సొరచేపలు, పైన పెలికాన్ల వరస. అయితే ఆ మేలు ఎవరి ఖర్చుతో జరిగిందో కూడా చెప్పాలి. తరతరాలుగా వల తప్ప ఇంకో బతుకు తెలియని కుటుంబాలు ఒక్క ఓటుతో ఒడ్డున పడ్డాయి. గల్ఫ్ వైపు సెడార్ కీ ఊరివాళ్లు ప్రభుత్వ శిక్షణతో ఆల్చిప్పల పెంపకంలోకి మళ్లి నిలదొక్కుకున్నారు. అందరికీ ఆ దారి దొరకలేదు. భీమవరం దగ్గర ఉప్పుటేరు ఒడ్డున వలలు అల్లే ఇళ్ల మధ్య పెరిగిన నాకు, వల అంటే కేవలం చేపని చంపే పరికరంగా చూసే మాటలు మింగుడుపడవు.

ఆనాడు వలవాళ్లు పదేపదే ఒక మాట చెప్పారు: చేప తగ్గడానికి మేమొక్కళ్లమే కారణం కాదు, తీరం వెంట లేస్తున్న ఇళ్లూ, నీళ్లలోకి వస్తున్న మురికీ చూడండి. అది తమని తాము కాపాడుకోవడానికి చెప్పిన సాకని చాలామంది కొట్టిపారేశారు. వలలు పోయిన ముప్పై ఏళ్లలో లగూన్‌కి ఏమైందో చూశాక, ఆ మాటని మళ్లీ తీసి చదవాల్సిన బాకీ మనకుంది.

ఇక పట్టి వదలడం. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ వేట గురించి చెబితే మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "తినకపోతే దాన్నెందుకురా పట్టడం, పాపం నోరు చీల్చి?" ఆ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. చేపకి నొప్పి ఉండదని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. కానీ లెక్క ఒకటుంది. వదిలిన స్నూక్‌లలో చనిపోయేవి సుమారు 2 శాతమేనని ఫ్లోరిడాలో జరిగిన పరిశోధనలో తేలింది. ఆ లెక్క నిలబడాలంటే చెయ్యి తడిగా ఉండాలి, చేప నీళ్లలోనే ఉండాలి, గాలం గొంతులోకి దిగకూడదు. ముల్లు లోపలికి వంగిన సర్కిల్ హుక్ ఇందుకే వాడమంటారు. చేప ఎరని మింగి పక్కకి తిరిగినా అది జారి వచ్చి దవడ మూలనే దిగుతుంది. వేసవి మధ్యాహ్నం, ఉడుకు నీళ్లలో, సన్నటి తీగతో ముప్పై నిమిషాలు ఆడించి, పడవలోకి ఎత్తి, నలుగురూ వంతులవారీగా ఫొటోలు దిగి వదిలితే ఆ లెక్క చెల్లదు. ఆ చేప ఈదుకుంటూ పోయినట్టే కనిపిస్తుంది, అంతే.

టార్పన్ మీద ఫ్లోరిడా 2013లో ఇంకా ముందుకు వెళ్లింది. దాన్ని పట్టి వదలడమే తప్ప ఉంచుకోవడానికి వీల్లేదు, రికార్డు కోసం ప్రత్యేక ట్యాగు కొన్నవాళ్లకి తప్ప. 40 అంగుళాలు దాటినదాన్ని నీళ్లలోంచి పూర్తిగా పైకెత్తడమూ తప్పే. నిలువెత్తు చేప, 50 ఏళ్లకి పైగా బతకగలదు, గాలి మింగి ఊపిరి తీసుకోగలదు, తినడానికి మాత్రం ఎవరికీ పెద్దగా ఇష్టం లేదు. అలాంటి చేపని చంపి గోడకి వేలాడదీసే అలవాటు పోవడం మంచిదే.

అయితే అందరూ సరదాకే గాలం వేయరు. టైటస్‌విల్ దగ్గర వంతెన పక్కన సాయంత్రాలు చూస్తే ఇది తెలుస్తుంది. పడవ లేనివాళ్లు, రెండు ఉద్యోగాలు చేసి వచ్చినవాళ్లు, మధ్య అమెరికా నుంచి, కరీబియన్ దీవుల నుంచి, వియత్నాం నుంచి వచ్చిన కుటుంబాలు బకెట్లతో కూర్చుంటారు. ఓర్లాండో నుంచి గంట కారు ప్రయాణం, శనివారం వస్తే తెలుగు మాటా చెవిన పడుతుంది. విసురు వల భుజానికి వేసుకుని, అంచు పళ్లతో పట్టి, గుండ్రంగా విప్పి వేసిన ఒకాయన్ని చూసి "ఏ ఊరండీ?" అని అడగకుండానే కోనసీమని తెలిసిపోయింది. వీళ్లకి చేప అంటే రాత్రి పులుసు. రాష్ట్రంలో ఉండేవాళ్లకి ఒడ్డు మీంచి గాలం వేసే లైసెన్సు ఉచితం, పడవ మీంచి అయితే ఏడాదికి 17 డాలర్లు. ఆ ఉచితం ఉండాలి. పడవకి 50 వేల డాలర్లు పెట్టినవాళ్లు పట్టి వదలడాన్ని నీతిగా చెప్పి, పులుసుకి పట్టేవాణ్ని చిన్నచూపు చూడటం తరచుగా కనిపిస్తుంది. కొలతకి లోబడి ఒక చేప ఇంటికి తీసుకెళ్లినవాడు ఏ తప్పూ చేయలేదు.

వేటనే పూర్తిగా ఆపితే ఏమవుతుంది? దీనికి ఈ లగూన్‌లోనే జవాబు దొరికింది, అదీ ఎవరూ చేపల కోసం ఆలోచించకుండా. 1962లో అంతరిక్ష కేంద్రం కట్టేటప్పుడు, రాకెట్ల భద్రత కోసం కెనెడీ స్పేస్ సెంటర్ చుట్టూ ఉన్న నీళ్లలోకి జనం రాకుండా మూసేశారు. రెండు చోట్ల కలిపి సుమారు 40 చదరపు కిలోమీటర్లు. పాతికేళ్ల తర్వాత లోపలా బయటా పరిశోధకులు వలలు వేసి పోల్చి చూశారు. మూసిన నీళ్లలో ఒక్కో వలకి సీ ట్రౌట్ 2.4 రెట్లు, రెడ్ ఫిష్ 6.3 రెట్లు, బ్లాక్ డ్రమ్ అనే ఇంకో చేప 12.8 రెట్లు ఎక్కువ పడ్డాయి.

అంతకంటే ఆశ్చర్యం కలిగించేది 2001లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన. గాలంతో పట్టిన ప్రపంచ రికార్డు చేపలు ఫ్లోరిడాలో ఎక్కడెక్కడ దొరికాయో చూస్తే, మూసిన నీళ్ల అంచున గుంపుగా తేలాయి. మూసిన నాటి నుంచి సీ ట్రౌట్ రికార్డులు పెరగడానికి 9 ఏళ్లు పట్టింది, రెడ్ ఫిష్‌కి 27, బ్లాక్ డ్రమ్‌కి 31. ఆ చేపల ఆయుష్షు కూడా ఆ వరసలోనే 15, 35, 70 ఏళ్లు. అంటే ప్రశాంతంగా ముసలివైన చేపలు గట్టు దాటి బయటికి వచ్చి గాలానికి చిక్కాయి. రికార్డుల కోసం జనం అక్కడికే ఎగబడటం వల్ల కూడా లెక్క పెరిగి ఉండొచ్చుననే అభ్యంతరం సబబే. కానీ వయసుతో కుదిరిన ఆ వరసని జనం ఎగబడటంతో వివరించలేం. గాలం పట్టేవాళ్ల సంఘాలు ఇప్పటికీ వేట మూసివేత అంటే మండిపడతాయి. వాళ్ల రికార్డు చేపలు ఎక్కడ పెరిగాయో వాళ్లే చూడటం లేదని నాకు బాధ.

ఇంతవరకూ చెప్పినదంతా చేతి సంగతి. ఇక నీటి సంగతి.

లగూన్ బతుకంతా అడుగున పెరిగే సముద్రపు గడ్డి మీద ఆధారపడి ఉంది. పీత, రొయ్య, సీ ట్రౌట్ పిల్ల, రెడ్ ఫిష్ పిల్ల, అన్నీ దాక్కునేదీ తినేదీ అందులోనే. గడ్డి మొక్క కాబట్టి దానికి వెలుతురు కావాలి. 2011 వసంతంలో ఉత్తర లగూన్‌లో సూక్ష్మనాచు విపరీతంగా పెరిగి, నీళ్లు పచ్చగా చిక్కబడి, నెలల పాటు అలాగే ఉండిపోయాయి. అంతకుముందు రెండు చలికాలాలు మామూలుకంటే చల్లగా ఉండి, అడుగున దొర్లే పెద్దనాచు తగ్గిపోయిందనీ, అది పీల్చుకోవాల్సిన పోషకాలన్నీ సూక్ష్మనాచుకి దక్కాయనీ ఒక బలమైన వివరణ. 2012లో గోధుమరంగు నాచు వచ్చింది. వెలుతురు అందక గడ్డి చచ్చింది. చచ్చిన గడ్డి కుళ్లి ఇంకొంత పోషకం అయింది, అది ఇంకొంత నాచు అయింది. దశాబ్దం తిరిగేసరికి లగూన్ గడ్డిలో సగానికి పైగా పోయింది.

2016 మార్చిలో బనానా రివర్‌లో నాచు ఆక్సిజన్‌ని తినేసింది. ఒడ్డు వెంట మైళ్ల దూరం చచ్చిన చేపలు తేలాయి, ఇళ్ల వెనక కాలవల్లో నీరు కనపడనంతగా. చిన్నవీ పెద్దవీ తేడా లేదు, కొలత లేదు, సీజను లేదు. ఎన్నో ఏళ్లు జాగ్రత్తగా తడి చేత్తో వదిలిన చేపలు కూడా అందులో ఉండే ఉంటాయి.

గడ్డి తిని బతికే నీటిజంతువులైన మనాటీల వంతు తర్వాత వచ్చింది. 2021లో ఫ్లోరిడా మొత్తం మీద 1,100 మనాటీలు చనిపోయాయి, ఎక్కువ ఈ తీరంలోనే, ఆకలితో. ఆ చలికాలం కేప్ కెనవెరల్ విద్యుత్ కేంద్రం దగ్గర, వేడినీటి కోసం గుమిగూడిన ఆ మూగజీవాలకి ప్రభుత్వ సిబ్బంది లెట్యూస్ ఆకులు విసిరారు. 2 లక్షల పౌండ్లకి పైగా. ఒక అడవి జంతువుకి దాని సొంత ఇంట్లో మనిషి బస్తాలతో మేత వేయాల్సి రావడం కంటే స్పష్టంగా ఒక నీటి దుస్థితిని ఇంకేదీ చెప్పలేదు.

పోషకాలు ఎక్కడి నుంచి వచ్చాయి? పచ్చిక బయళ్ల ఎరువు, వానకి కొట్టుకొచ్చే వీధుల మురుగు, దశాబ్దాలుగా అడుగున పేరుకున్న నల్లటి ఒండ్రు, అన్నిటికీ వాటా ఉంది. కానీ చాలాకాలం కంటికి ఆననిది సెప్టిక్ ట్యాంకు. లగూన్ పొడవునా లక్షల ఇళ్ల మురుగు ఇసుక నేలలోకి ఇంకుతుంది. ఇసుకకి నైట్రోజన్ ఆగదు. భూగర్భజలం అక్కడ రెండు మూడు అడుగుల లోతులోనే ఉంటుంది, అది మెల్లగా కయ్యలోకి ఊరుతుంది. లగూన్ నాచులోని నైట్రోజన్‌లో మనిషి మురుగు ముద్ర కనిపిస్తోందని ఫోర్ట్ పియర్స్‌లోని హార్బర్ బ్రాంచ్ సంస్థ పరిశోధకులు చూపించారు. నీళ్లు బయటికి పోవడానికి నెలలు పడుతుందని ముందే చెప్పాను. అది ఇక్కడ తగులుతుంది.

దక్షిణాన కథ వేరు. ఓకిచోబి చెరువు నిండినప్పుడు సైన్యపు ఇంజనీర్లు ఆ మంచినీటిని కాలవ ద్వారా సెయింట్ లూసీ ఏటిలోకి వదులుతారు. ఉప్పునీటి గడ్డికీ, ఆల్చిప్పలకీ హఠాత్తుగా వచ్చే మంచినీరే విషం. 2013, 2016, 2018 వేసవుల్లో ఆ నీటితో పాటు విషపు నీలిపచ్చ నాచూ వచ్చింది. 2016లో గవర్నరు అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. వీటన్నిటికంటే ముందు, 1950లు, 60ల్లో దోమల నివారణ పేరుతో ఒడ్డున 40 వేల ఎకరాల ఉప్పు చిత్తడికి గట్లు కట్టి లగూన్ నుంచి వేరు చేశారు. టార్పన్, స్నూక్ పిల్లలు పెరగాల్సిన ఉయ్యాల అది. తర్వాత చాలాచోట్ల తూములు పెట్టి మళ్లీ కలిపారు.

గాలం పట్టేవాళ్లది కూడా వాటా ఉంది, చిన్నదే గాని ఉంది. లోతులేని నీళ్లలో ఇంజను రెక్కలు గడ్డిని దున్నుకుంటూ పోతే ఆ చాలు పూడటానికి ఏళ్లు పడుతుంది. పడవలు లేపే అలలకి మస్కిటో లగూన్‌లో ఆల్చిప్పల దిబ్బల అంచులు చితికి, ఎండిన గుల్లల కుప్పలుగా మిగిలాయి.

ఇప్పుడు 2022 సంగతికి వద్దాం. ఆ సెప్టెంబరు 1 నుంచి ఇండియన్ రివర్ లగూన్ ప్రాంతంలో రెడ్ ఫిష్‌ని ఉంచుకోవడం పూర్తిగా ఆపేశారు. పట్టొచ్చు, వదలాలి. రాష్ట్రంలో మిగతాచోట్ల 18 నుంచి 27 అంగుళాల మధ్య ఉంటే ఉంచుకోవచ్చు, ఇక్కడ ఒక్కటి కూడా వద్దు. రెడ్ ఫిష్‌కి ప్రపంచ రాజధాని అని బోర్డులు పెట్టుకున్న తీరంలో ఈ పరిస్థితి. నిర్ణయం సరైనదే. అయితే వేటగాళ్లు ఎక్కువ చేపల్ని తిన్నందువల్ల వచ్చిన నిర్ణయం కాదిది. చేపలకి ఇల్లు లేనందువల్ల వచ్చింది. బేరోమీటరు ముల్లు పడిపోతే ముల్లుని పట్టుకుని నిలబెట్టినట్టు, చేప తగ్గితే వేట నిబంధన బిగించడం ఒక్కటే మనకి అలవాటైన చికిత్స.

మంచి కూడా జరుగుతోంది. బ్రెవార్డ్ కౌంటీ ఓటర్లు 2016 నవంబరులో లగూన్ కోసం తమ మీద తామే అర సెంటు అమ్మకపు పన్ను వేసుకున్నారు, పదేళ్లకి. ఆ డబ్బుతో ఒండ్రు తీస్తున్నారు, ఇళ్లని మురుగు లైన్లకి కలుపుతున్నారు. వానాకాలం నాలుగు నెలలు గడ్డికి ఎరువు వేయకూడదని చాలా ఊళ్లు చట్టం చేశాయి. ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు విట్నీ ప్రయోగశాల వాళ్లు, నాచు దాడుల్ని తట్టుకుని మిగిలిన ఆల్చిప్పల్ని వెతికి తెచ్చి, వాటి సంతానాన్ని లక్షల్లో తిరిగి నీళ్లలో వేశారు. చితికిన దిబ్బల్ని సరిచేసి కొత్త గుల్లలు పరిచే పనిలో బడిపిల్లలు కూడా పాల్గొంటున్నారు. గత కొన్నేళ్లుగా కొన్నిచోట్ల సన్నటి గడ్డి మళ్లీ మొలుస్తోంది.

1950 నుంచి అమెరికాలో గాలం, రీలు, కర్ర కొన్న ప్రతిసారీ 10 శాతం సుంకం చేపల సంరక్షణకి పోతోంది. ఈ ఆటగాళ్లు డబ్బు ఇవ్వడానికి ఎప్పుడూ వెనకాడలేదు. ఓట్లు కూడగట్టడం ఎలాగో 1994లో రాష్ట్రమంతటికీ చూపించారు. వలల మీద కూడగట్టిన ఆ 72 శాతాన్ని మురుగు లైన్ల మీద, కట్టబోయే కాలనీల మీద, చెరువు నీళ్ల మీద కూడగట్టకపోవడమే నా ఫిర్యాదు. వల ఇంకొకరి చేతిలో ఉంది, తీసేయమనడం తేలిక. సెప్టిక్ ట్యాంకు మన పెరట్లో ఉంది.

ఆ రోజు పడవ రేవుకి చేరాక గైడుని ఇదే అడిగాను. అతను కాసేపు గెడ తుడుస్తూ ఉండిపోయాడు. తన ఇల్లూ కయ్య ఒడ్డుకి రెండు వీధుల అవతలేనట, 1970ల నాటి సెప్టిక్ ట్యాంకేనట. ఇరవై ఏళ్లు జనానికి చేపని ఎలా వదలాలో నేర్పుతూ, ఆ సంగతి తనకెప్పుడూ తట్టలేదన్నాడు. పోయిన ఏడాది కౌంటీ సాయం కొంత, తన డబ్బు కొంత పెట్టి మురుగు లైన్‌కి కలిపించుకున్నాడు. వారం రోజులు పెరడంతా తవ్విపోశారట, వాళ్లావిడ వేసిన నిమ్మచెట్టు పోయిందట. ఫోన్ తీసి ఆ గొయ్యి ఫొటో చూపించాడు. దాని ముందు ఫొటో రెడ్ ఫిష్‌ది, తర్వాత ఫొటో కూడా రెడ్ ఫిష్‌దే.